కంసాలి వద్దన్న పతకం

ఒక కరువు ఏట మా అవ్వ, జేజినాయన పతకాలు రెండూ కొంగున కట్టుకొని బెళుగుప్ప నుంచి కళ్యాణదుర్గం పోయింది. 1965, 66 వరసగా వానలు ఎగ్గొట్టిన రోజులు. బావిలో నీళ్లు అడుగంటినాయి, ఎద్దుల్ని అప్పటికే సంతకు తోలేశారు. పతకాల్లో గుండ్రంగా తెల్లగా ఉండేది వెండి అనుకుంది. నక్షత్రంలా ఉండేది పసుపుపచ్చగా మెరిసేది కాబట్టి దాని మీద రవ్వంత బంగారమైనా ఉంటుందని ఆశ. కంసాలి నక్షత్రం కొనను గీటురాయి మీద రుద్ది చూశాడు. తెల్లదాన్ని చేతిలో తూచి చూశాడు. ‘వెండీ కాదు, బంగారమూ కాదమ్మా. బిందెకు మాటు వేసుకోను కూడా పనికిరాదు’ అని రెండూ తిరిగిచ్చాడు. వచ్చే దారి పొడుగునా జేజినాయనను తిట్టుకుంటూ వచ్చానని అవ్వే చెప్పేది, నవ్వుతూ.

పాపం, కంసాలి అబద్ధం చెప్పలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసినవాళ్లకు ఇచ్చిన నక్షత్రాలు రాగి, తుత్తునాగం కలిపిన లోహంతో చేసినవి. గుండ్రటి పతకం రాగి, నికెల్ మిశ్రమం. అవి పనికిరాని లోహాలు కాబట్టే మా ఇంట్లో మిగిలాయి.

అంతకు ముందు యుద్ధానికి పోయినవాళ్ల ఇళ్లలో కథ వేరు. 1914–18 యుద్ధం తర్వాత సిపాయిలకు ఇచ్చిన బ్రిటిష్ వార్ మెడల్ అసలు వెండి. ఒకవైపు ఐదో జార్జి తల, ఇంకోవైపు గుర్రమెక్కిన బట్టల్లేని మనిషి. బరువు రెండున్నర తులాల పైమాటే. అంచున సిపాయి నంబరు, హోదా, పేరు, పటాలం చెక్కి ఇచ్చేవారు. మూటలు మోసిన, రోడ్లు వేసిన కూలీ దళాల వాళ్లకు మాత్రం అదే పతకం కంచుతో ఇచ్చారు. చచ్చే చోట అందరూ ఒకటేగానీ లోహం దగ్గర తేడా ఉంది! ఇక వెండిదాని గతి ఊహించుకోండి. గింజలకు, పెళ్లికి, వైద్యానికి ఏ అవసరం వచ్చినా కంసాలి మూస సిద్ధంగా ఉంటుంది. మన దగ్గరే అని కాదు. 1980 జనవరిలో ప్రపంచ మార్కెట్లో వెండి ధర ఆకాశానికి ఎగిరినప్పుడు ఇంగ్లండులోనే ఈ పతకాలు కుప్పలుగా కరిగిపోయాయి. అంచు మీద ఉన్న పేర్లూ వాటితోపాటే పోయాయి.

అందుకే ‘పూర్వీకుల వీరత్వాన్ని అమ్ముకున్నారు’ అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. వీరత్వానికేనా మావాళ్లు పటాలంలో చేరింది? తాడేపల్లిగూడెం దగ్గర మాధవరానికి ‘మిలటరీ మాధవరం’ అని పేరు. అక్కడ సైన్యం తరతరాల ఆచారం, ఊరి గౌరవం. మా మెట్ట మీద అట్లాంటి ఆచారం ఏదీ లేదు. ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే మంచి ఏడు. అది కూడా శనక్కాయ పూత నాటికి పడుతుందన్న గ్యారంటీ లేదు. పైగా ధాత కరువులో పోయినవాళ్ల లెక్కలు వింటూ పెరిగిన తరం అది. మూడు పూటలా తిండి, నెలకింత ఇంటికి పంపడానికి రూకలు అనే మాట వినబడితే, ఎవరి మీద యుద్ధమని అడిగేదెవరు?

జేజినాయన రోడ్లు వేసే దళంలో బర్మా సరిహద్దుకు పోయాడు. ఆయన చెప్పిన యుద్ధకథల్లో తుపాకులు తక్కువ, వాన ఎక్కువ. అరకాన్ తీరంలో ఏడాదికి పడే వాన నాలుగు వేల మిల్లీమీటర్లు దాటుతుంది. మా ఊరికి ఏడేళ్లకు సరిపడేది అక్కడ ఒక్క ఏడాదిలో కురుస్తుంది. గుడారం కారేది, కాళ్లకు జలగలు, వేసిన రోడ్డు రాత్రికి రాత్రే కొట్టుకుపోయేది. ‘ఈ వానలో పావొంతు మనూర్లో పడింటే నేను ఆడికి యాల పోతానుండ్రా’ అనేవాడు. జపానువాళ్ల గురించి అడిగితే మాత్రం లేచి ఎనుముకు గడ్డి వేయడానికి పోయేవాడు.

యుద్ధం వస్తువుల్ని ఎట్లా కదిలిస్తుందో అని ఆలోచిస్తే నాకు హేమావతి గుర్తొస్తుంది. ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లాలో, మడకశిర వైపు ఉన్న ఆ చిన్న ఊరు ఒకప్పుడు హెంజేరు, నొళంబ రాజుల రాజధాని. వాళ్లు చెక్కించిన నల్లరాతి స్తంభాలు అద్దంలా నున్నగా ఉంటాయి. పదకొండో శతాబ్దంలో దండెత్తి వచ్చిన చోళులు వాటిలో కొన్నింటిని ఊడబీకి కావేరీ ఒడ్డున తిరువయ్యారు గుడికి తీసుకుపోయారు. త్యాగరాజస్వామి ఆరాధనకు ఏటా పోయే తెలుగువాళ్లలో ఎంతమంది ఆ గుళ్లోకి తొంగిచూసి, ఇవి మన కరువు సీమ రాళ్లని గుర్తుపట్టి ఉంటారో! అదే చోళులు చాళుక్యుల కళ్యాణపురాన్ని కాల్చి ఒక ద్వారపాలక విగ్రహం తెచ్చుకున్నారు. దాని పీఠం మీద, ఎక్కడి నుంచి తెచ్చారో వాళ్లే చెక్కించారు. రాజు తెచ్చుకుంటే విజయచిహ్నం, ఎక్కడిదో రాయి మీదే రాసి ఉంటుంది. కూలీవాడు తెచ్చుకున్నదాన్ని కంసాలి చూసి విసిరేస్తాడు.

మన ఊళ్లలో పేరు నిలబెట్టిన వస్తువులూ లేకపోలేదు. చేల గట్ల మీద, చెరువు కట్టల దగ్గర నిలబడిన వీరగల్లులు చూడండి. కింది అరలో పోరాడుతున్న మనిషి, మధ్యలో అతన్ని పైకి తీసుకుపోతున్న అప్సరసలు, పైన శివలింగం. వాటిలో చాలా రాళ్లు రాజ్యాల యుద్ధాలవి కావు. ఊరి పశువుల్ని తోలుకుపోతుంటే అడ్డుపడి చచ్చినవాళ్లవి. గొడ్డే ఆస్తి అయిన నేలలో అది చిన్న యుద్ధమేమీ కాదు. రాయిని కరిగించలేం కాబట్టి, పసుపు కుంకుమ పెడతాం కాబట్టి, వెయ్యేళ్లయినా నిలబడి ఉన్నాయి. అయినా ఈమధ్య రోడ్డు వెడల్పు పనుల్లోనూ, గాలిమరల కోసం దారులు వేసేటప్పుడూ అట్లాంటి రాళ్లు పక్కకు దొర్లిపోతే అడిగేవాళ్లు కనబడరు.

ఇప్పుడు పతకాలకు కొత్త గిరాకీ వచ్చింది. లోహానికి కాదు, అంచు మీది పేరుకు. ఏ పటాలం, ఏ యుద్ధరంగం అనేదాన్ని బట్టి సేకరణదారులు ధర కడతారు. అమ్ముకోవద్దని నేను అనను. ఆ మాట అనే హక్కు ఆకలి తెలియనివాళ్లకు అసలే లేదు. కానీ ఒక విషయం తెలిసి ఉండాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం చారిత్రక విలువ ఉన్న వందేళ్లు దాటిన వస్తువును మామూలు మనిషి దేశం దాటించడానికి వీల్లేదు. మొదటి యుద్ధపు పతకానికి ఆ వయసు వచ్చేసింది. ఇంకొకటి, అమ్మే ముందు అంచు మీది అక్షరాలు ఒక కాగితం మీద ఎక్కించుకోండి. ఫోటో తీసి పెట్టుకోండి. మొదటి యుద్ధంలో చనిపోయిన భారతీయ సిపాయిలు 74 వేలకు పైనే. ఢిల్లీ ఇండియా గేటు మీద ఉన్న పేర్లు 13 వేల చిల్లర. మిగిలినవాళ్లలో కొందరి పేరు మన దగ్గర ఉందంటే, ఇంట్లో పెట్టె అడుగున ఉండే ఈ పతకం అంచు మీదే.

జేజినాయన నక్షత్రం ఇప్పుడు నా దగ్గరుంది. నీలం, ఎరుపు, నారింజ చారల రిబ్బను కొంత పురుగు కొట్టింది. మొన్న ఒక కాగితం మీద ఆయన పేరు, ఊరు, దళం, ‘వాన గురించి మాత్రమే మాట్లాడేవాడు’ అని రాసి దాంతోపాటే మడిచి పెట్టాను. మా తమ్ముడి కొడుకు నక్షత్రాన్ని చేతిలో తిప్పి చూసి, ఆరు కొనల్లో ఒకటి మొద్దుగా ఉందేమి, గుండు తగిలిందా పెద్దనాయనా అని అడిగాడు. కాగితం మళ్లీ విప్పి, కళ్యాణదుర్గం గీటురాయి సంగతి కూడా రాశాను.