పరకాలకు పై కోర్టు ఎక్కడ?

1948 సెప్టెంబర్ 16న పారిస్‌లో సమావేశమైన ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి, హైదరాబాద్ రాజ్యం చేసిన ఫిర్యాదును ఎజెండాలోకి తీసుకుంది. అనుకూలంగా ఎనిమిది ఓట్లు. వ్యతిరేకంగా ఒక్కటీ లేదు. సోవియట్ యూనియన్, ఉక్రెయిన్, చైనా తటస్థంగా ఉండిపోయాయి. అప్పటికి భారత సైన్యం నిజాం రాజ్యంలో అడుగుపెట్టి మూడు రోజులైంది. మర్నాడు నిజాం చేతులెత్తేశాడు. 22న ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని కబురు పంపాడు. 1949 మే 24 తర్వాత మండలి ఆ ఊసెత్తలేదు. అయినా ‘హైదరాబాద్ ప్రశ్న’ అన్న పద్దు మాత్రం మండలి ముందున్న అంశాల జాబితాలో దశాబ్దాల పాటు అలాగే ఉండిపోయింది. ప్రపంచ పాలన ఎలా నడుస్తుందో అర్థం కావడానికి ఈ ఒక్క పద్దు చాలు.

మండలిలో వాదన అంతా ఒక ప్రశ్న చుట్టే తిరిగింది: హైదరాబాద్ దేశమా, కాదా? సభ్యత్వం లేని దేశం కూడా ఫిర్యాదు చేసుకోవచ్చని సమితి నిబంధనావళిలోని 35వ అధికరణం చెబుతుంది. అయితే ఫిర్యాదు చేసేది ‘దేశం’ అయి ఉండాలి. నిజాం తరఫున మొయిన్ నవాజ్ జంగ్ అవునన్నాడు. భారత్ తరఫున ఆర్కాట్ రామస్వామి మొదలియార్ కాదన్నారు. అమెరికాకు చెందిన అంతర్జాతీయ న్యాయ పండితుడు క్లైడ్ ఈగిల్టన్ 1950లో దీనిపై సుదీర్ఘ వ్యాసమే రాశాడు. వాదోపవాదాలు పస ఉన్నవే. కానీ ఆ రాజ్యంలో ఉన్న దాదాపు కోటీ అరవై లక్షల మంది సంగతేమిటన్నది ఏ పక్షానికీ మొదటి ప్రశ్న కాలేదు.

ఆ జనంలో ఓరుగల్లు ప్రాంతంలోని పరకాల వాళ్లూ ఉన్నారు. పారిస్ సమావేశానికి ఏడాది ముందు, 1947 సెప్టెంబర్ 2న, జాతీయ జెండా ఎగరేయాలని చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం పరకాల చేరారు. నిజాం పోలీసులు, రజాకార్లు వారి మీద తుపాకులు పేల్చారు. స్థానికంగా చెప్పుకునే లెక్క ప్రకారం 22 మంది చనిపోయారు. గాయపడ్డవారు అంతకు ఎన్నో రెట్లు. 2003లో బీజేపీ నాయకుడు చెన్నమనేని విద్యాసాగర్‌రావు తన తల్లి చంద్రమ్మ పేరిట ఉన్న ట్రస్టు ద్వారా అక్కడ అమరధామం కట్టించారు. జనాన్ని చుట్టుముట్టి కాల్చడం, పడిపోయినవారు, పట్టు వదలని జెండా అన్నీ అక్కడ బొమ్మలుగా నిలబడి ఉన్నాయి. దక్షిణాది జలియన్‌వాలాబాగ్ అని ఏటా ఉపన్యాసాల్లో అంటూనే ఉంటాం. ఆ పోలిక దగ్గరే మన ఆలోచన ఆగిపోతుంది. జలియన్‌వాలాబాగ్ మీద ఎంత లోపభూయిష్ఠమైనదైనా హంటర్ కమిషన్ కూర్చుంది, బ్రిటిష్ పార్లమెంటులో చర్చ జరిగింది, డయ్యర్ ఉద్యోగం పోయింది. అంటే పైన ఒకడున్నాడు, వాడిని అడగగలిగారు. పరకాలలో కాల్పులు జరిగిన రోజున నిజాం పైన ఎవరున్నారు?

ఎవరూ లేరు. తారీఖులు చూస్తే తెలుస్తుంది. 1926లో వైస్రాయ్ రీడింగ్, బ్రిటిష్ ప్రభుత్వంతో సమానంగా మాట్లాడే హోదా నీకు లేదని నిజాంకు ఉత్తరం రాసి తేల్చి చెప్పాడు. పాలన మరీ శృతి మించితే జోక్యం చేసుకునే అధికారం సార్వభౌమ శక్తిగా తనదేనన్నాడు. ఆ అధికారాన్ని బ్రిటిష్ వాళ్లు జనం కోసం వాడింది తక్కువే, అది వేరే సంగతి. 1947 ఆగస్టు 15న భారత స్వాతంత్ర్య చట్టం ఆ అధికారాన్ని రద్దు చేసింది. నిజాంకూ భారత్‌కూ మధ్య యథాతథ ఒడంబడిక నవంబర్ 29న గాని కుదరలేదు. మధ్యలో మూడున్నర నెలలు. ఆ సందులోనే పరకాల పడింది. ఢిల్లీకి హక్కు లేదు, లండన్‌కు అక్కర లేదు, సమితికి కబురే లేదు.

పోనీ ఒడంబడిక కుదిరాక ఏమైనా మారిందా? అందులో రాసుకున్నది విదేశీ వ్యవహారాలు, రక్షణ, రాకపోకలు పాత పద్ధతిలోనే సాగాలన్న సంగతి. పాత సార్వభౌమ అధికారం ఏ రూపంలోనూ తిరిగి రాదని ప్రత్యేకంగా రాసుకున్నారు కూడా. ఊళ్లో జరిగే దౌర్జన్యానికి జవాబు చెప్పాలన్న షరతు లేదు. 1948 ఆగస్టు 21న నిజాం ప్రభుత్వం భద్రతా మండలికి ఫిర్యాదు పంపింది. ఆరు రోజుల తర్వాత, ఆగస్టు 27న, బైరాన్‌పల్లిలో రజాకార్లు, నిజాం సైనికులు కలిసి దాదాపు వంద మందిని ఊచకోత కోశారు. తన మీద దాడి జరగబోతోందని ప్రపంచానికి మొరపెట్టుకున్న ప్రభుత్వమే, ఆ మొర ఇంకా విచారణకు రాకముందే తన జనం మీద పడింది. ఈ రెండు తేదీలనూ పక్కపక్కన పెట్టి చూసే అలవాటు మన చరిత్ర పుస్తకాలకు లేదు.

రాజనీతి శాస్త్రంలో ‘అరాచకం’ అంటే దేశాల పైన మరో పెద్ద ప్రభుత్వం లేకపోవడం. కెనెత్ వాల్ట్జ్ 1979లో రాసిన పుస్తకం నుంచి ఇది పరీక్షల్లో తప్పనిసరి ప్రశ్న అయిపోయింది. దేశాల మధ్య లేనిది దేశాల లోపల ఉంటుందని, అంటే బయట అడవి, లోపల ఇల్లు అని ఈ వాదంలో ఒక నమ్మకం దాగి ఉంది. 1947-48 తెలంగాణలో ఇల్లే అడవి. బలప్రయోగపు హక్కు తనొక్కడిదేనని చెప్పుకోగలిగితేనే అది రాజ్యం అని మాక్స్ వెబర్ 1919లో నిర్వచించాడు. నిజాం ఆ హక్కును రజాకార్ల నాయకుడు కాశిం రజ్వీ మూకలకు పంచిపెట్టాడు. మరోవైపు నల్లగొండ, వరంగల్ జిల్లాల్లో కమ్యూనిస్టుల నాయకత్వంలోని సంఘం తన గ్రామరాజ్యాలు నడుపుకుంది. ఒకే ఊరికి పగలు పోలీసు, సాయంత్రం రజాకారు, రాత్రి దళం. వీళ్లంతా ఒకటేనని నేననడం లేదు. దున్నేవాడికి భూమి పంచిన సంఘాన్నీ, కొల్లగొట్టిన రజాకారునూ ఒకే గాటన కట్టడం అన్యాయం. కానీ పారిస్‌లో ‘దేశం’గా గుర్తింపు అడిగిన రాజ్యం, వెబర్ లెక్కలో అప్పటికే రాజ్యం కాదు.

వాల్ట్జ్, వెబర్‌ల కంటే హెడ్లీ బుల్ మనకు ఎక్కువ పనికొస్తాడు. 1977లో వచ్చిన ‘ది అనార్కికల్ సొసైటీ’లో ఆయన దేశాల మధ్య క్రమాన్నీ మనుషుల మధ్య క్రమాన్నీ వేరు చేశాడు. రెండోదే అసలుది, మొదటిది దానికోసమే అన్నాడు. ఆచరణలో మాత్రం దేశాలు మొదటిదాన్ని కాపాడుకోవడానికి రెండోదాన్ని వదిలేస్తూ ఉంటాయని కూడా ఆయనకు తెలుసు. పరకాల అలా వదిలేసిన ఊరు.

సైనిక చర్య తప్పనిసరి అయిందనే నేను నమ్ముతాను. అది జరగకపోతే ఇంకెన్ని బైరాన్‌పల్లిలు జరిగేవో. అయితే ఆ తర్వాతి కథ కూడా చెప్పాలి. ‘ఇది మా ఆంతరంగిక వ్యవహారం’ అన్న మాట పారిస్‌లో భారత్‌ను కాపాడింది. అదే మాట ఇంటి దగ్గర మరో పనికీ ఉపయోగపడింది. సైనిక చర్య సమయంలోనూ తర్వాతా ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ముస్లింల మీద జరిగిన హత్యాకాండను పరిశీలించడానికి నెహ్రూ పంపిన పండిట్ సుందర్‌లాల్ బృందం, చనిపోయినవారు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది అని అంచనా వేసింది. ఆ నివేదిక 2013 వరకు జనానికి అందుబాటులోకి రాలేదు. పరకాల మృతులకు లెక్క చెప్పమని నిజాంను అడిగే హక్కు మనకు ఎంత ఉందో, ఈ మృతులకు లెక్క చెప్పాల్సిన బాధ్యత అంతే ఉంది. నిజాం లొంగిపోయిన సెప్టెంబర్ 17ను ఏ పేరుతో జరపాలని పార్టీలు ఏటా కొట్టుకుంటాయి. ఈ రెండు లెక్కలూ కలిపి చదివే కార్యక్రమం ఏ పార్టీదీ కాదు.

మనుషుల కేసు ఇలా ముగిస్తే, డబ్బు కేసు ఎలా నడిచిందో చూడండి. 1948 సెప్టెంబర్ 20 ప్రాంతంలో మొయిన్ నవాజ్ జంగ్ నిజాం ప్రభుత్వానికి చెందిన పది లక్షల పౌండ్లకు పైగా సొమ్మును లండన్‌లోని పాకిస్తాన్ హైకమిషనర్ రహీంతూలా బ్యాంకు ఖాతాలోకి మార్చాడు. నిజాం వెనక్కి అడిగాడు, పాకిస్తాన్ ఇవ్వనంది, బ్యాంకు ఆ డబ్బును కదలకుండా పెట్టింది. వడ్డీతో అది మూడున్నర కోట్ల పౌండ్లయింది. 71 ఏళ్ల తర్వాత, 2019 అక్టోబర్ 2న, లండన్ హైకోర్టు భారత ప్రభుత్వానికీ నిజాం వారసులకూ అనుకూలంగా తీర్పు చెప్పింది. దేశాల మధ్య పంచాయితీలో వడ్డీతో సహా న్యాయం దొరకడం అసాధ్యమేమీ కాదన్నమాట. ఖాతా నంబరు ఉండాలి, అంతే. పరకాలకు ఖాతా నంబరు లేదు.

ఇదంతా పాత గొడవ అనుకునేవారు ఇప్పటి పరకాలకు వచ్చి పత్తి కాంటా దగ్గర నిలబడి చూడాలి. ఈ నియోజకవర్గంలోనే గీసుగొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా జౌళి పార్కు ఉంది. దానికి 2017లో శంకుస్థాపన జరిగింది; దక్షిణ కొరియా కంపెనీ యంగ్‌వన్, కేరళకు చెందిన కైటెక్స్ అక్కడికి వచ్చాయి. ఓరుగల్లు పత్తి ప్రపంచ మార్కెట్టుకు గుమ్మంలోనే దారి దొరికిందని సంబరపడ్డాం. గుమ్మం తెరిస్తే గాలి రెండు వైపులా వీస్తుంది. 2025 ఆగస్టు 27 నాటికి అమెరికా మన సరుకుల్లో చాలావాటి మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. దెబ్బతినే మిల్లులకు ఊరటగా కేంద్రం ఆగస్టు 19నే పత్తి దిగుమతి మీదున్న 11 శాతం సుంకాన్ని ఎత్తేసింది. సెప్టెంబర్ దాకా అన్నది తర్వాత డిసెంబర్ 31 దాకా అయింది. సరిగ్గా మన రైతు పత్తి ఏరే కాలం. వాషింగ్టన్ ఢిల్లీని కొట్టింది, ఢిల్లీ ఆ దెబ్బను చేనుకు మళ్లించింది.

ఆ ఏడాది అక్టోబర్ చివర మొంథా తుపాను వచ్చి చేలో విచ్చుకున్న పత్తిని తడిపేసింది. 2025-26 సీజనులో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలుగా ఉంది. అది కాగితం మీద. తేమ ఎనిమిది శాతం దాటితే కోత, పన్నెండు దాటితే భారత పత్తి సంస్థ (సీసీఐ) అసలు కొనదు. మిల్లు దగ్గర తేమ మీటరు పద్నాలుగు చూపిస్తే బండి అటు నుంచి అటే ప్రైవేటు వ్యాపారి దగ్గరికి పోవాల్సిందే. పైగా ‘కపాస్ కిసాన్’ యాప్‌లో స్లాట్ దొరకాలి, దానికి భూమి రికార్డు కావాలి. కౌలు రైతుకు ఆ రికార్డు ఎక్కడిది? ఎకరాకు ఏడు క్వింటాళ్లే కొంటామన్న నిబంధన మీద రాష్ట్ర ప్రభుత్వం కూడా కేంద్రానికి అభ్యంతరం చెప్పింది. ఇన్ని చేతులు మారిన నిర్ణయంలో రైతు ఎవరి గల్లా పట్టుకుని అడగాలి?

సుంకాల తగువు తీర్చడానికి ప్రపంచ వాణిజ్య సంస్థ ఉంది. దాని అప్పీళ్ల మండలికి కొత్త సభ్యులు రాకుండా అమెరికా అడ్డుపడటంతో 2019 డిసెంబర్ నుంచి అది మూతపడినట్టే. అది పనిచేసిన రోజుల్లో కూడా పత్తి కథ వేరుగా లేదు. అమెరికా పత్తి సబ్సిడీల మీద బ్రెజిల్ కేసు గెలిచింది; చివరికి 2014లో అమెరికా 30 కోట్ల డాలర్లిచ్చి తగువు తెంపుకుంది. అదే సబ్సిడీల వల్ల దివాలా తీస్తున్నామని 2003లో కాంకూన్‌లో గొంతెత్తిన బెనిన్, బుర్కినా ఫాసో, చాద్, మాలి దేశాలకు దక్కింది హామీలే. కోర్టు దాకా వెళ్లే స్తోమత ఉన్నవాడికి పరిహారం, లేనివాడికి సానుభూతి.

కాబట్టి ప్రపంచ క్రమం కూలిపోతోందంటూ ఉక్రెయిన్, గాజాలను చూపించి ఇప్పుడు వస్తున్న విలాపాలను నేను కొంచెం అనుమానంగానే చదువుతాను. ఆ క్రమం బాగున్నప్పుడు కూడా దాని మెట్లు ఎక్కలేని జనం ఉన్నారు. 2005లో సమితి ప్రపంచ శిఖరాగ్ర సభ, సొంత ప్రజలను సామూహిక హత్యల నుంచి కాపాడటం ప్రతి ప్రభుత్వ బాధ్యత అనీ, అది విఫలమైతే మండలి ద్వారా ప్రపంచం పూనుకోవాలనీ ఒప్పుకుంది. పరకాల అడిగింది ఇదే. 2011లో లిబియాలో ఆ సూత్రం పేరు చెప్పి మొదలైన జోక్యం ప్రభుత్వాన్ని మార్చేదాకా పోయింది. దాంతో సూత్రం మీదే నమ్మకం సడలింది. తర్వాత సిరియాలో వీటో మీద వీటో పడింది. గాజా విషయంలో అమెరికా వీటో, ఉక్రెయిన్ విషయంలో రష్యా వీటో. ఫిర్యాదు వినాల్సినవాడే ముద్దాయికి జామీను.

భారత్ భద్రతా మండలిలో శాశ్వత స్థానం అడుగుతోంది. జనాభా, ఆర్థిక బలం, శాంతి దళాల్లో మన పాత్ర కారణాలుగా చెబుతోంది. అడగాల్సిందే. 2005లో జర్మనీ, జపాన్, బ్రెజిల్‌తో కలిసి చేసిన ప్రతిపాదనలో, కొత్త శాశ్వత సభ్యులు పదిహేనేళ్లపాటు వీటో వాడకుండా ఉండటానికి మనం సిద్ధపడ్డాం కూడా. సామూహిక హత్యలు జరుగుతున్నప్పుడు శాశ్వత సభ్యులు వీటోను పక్కన పెట్టాలని ఫ్రాన్స్, మెక్సికో 2015లో మరో ప్రతిపాదన తెచ్చాయి. అమెరికా, రష్యా, చైనా దానికి ఒప్పుకోలేదు. శాశ్వత స్థానం కోసం చేసే వాదనలో భారత్ దీన్ని మొదటి డిమాండుగా చేర్చాలి. అది చెప్పే అర్హత రావాలంటే ముందు ఇంటి పని ఒకటుంది: పరకాల, బైరాన్‌పల్లి మృతుల వివరాలనూ, సుందర్‌లాల్ నివేదికనూ ప్రభుత్వమే పూర్తిగా తెలుగులో అచ్చువేసి బడి గ్రంథాలయాలకు పంపాలి. వచ్చే సెప్టెంబర్ 2న అమరధామం దగ్గరికి దండలు తీసుకుని వచ్చే నాయకులను ఈ రెండు విషయాలూ అడగండి.