గ్యాస్ నింపడం మరమ్మత్తు కాదు భాయ్

మార్చి నెల వచ్చిందంటే మన మొహల్లాల్లో ఒకటే మాట: “గాడీ ఏసీలో గ్యాస్ అయిపోయింది, డల్వానా హై.” పెట్రోలు అయిపోయినట్టు, వంటింట్లో సిలిండర్ అయిపోయినట్టు ఎంత తేలిగ్గా అనేస్తాం! అసలు గల్తీ ఈ మాటలోనే ఉంది.

కారు ఏసీ గ్యాసును తాగదు. అదే గ్యాసు కంప్రెసర్, కండెన్సర్, ఎవాపరేటర్ మధ్య తిరుగుతూనే ఉంటుంది. రబ్బరు పైపుల్లోంచి, సీళ్లలోంచి ఏళ్ల తరబడి కొంచెం కొంచెం తగ్గడం మామూలే. కానీ పోయిన ఎండాకాలం నింపించింది ఈ ఎండాకాలానికి లేదంటే, దానర్థం ఎక్కడో లీకు ఉందనే. లీకు అలాగే ఉంచి గ్యాసు నింపడమంటే చిల్లుపడ్డ కుండలో నీళ్లు పోయడమే. దాన్ని మరమ్మత్తు అనుకోవడం మనల్ని మనం ధోఖా చేసుకోవడం.

ఈ మధ్య ఇంకో షౌక్ మొదలైంది. ఆన్‌లైన్‌లో ఒక గ్యాస్ డబ్బా, ఒక పైపు తెప్పించుకోవడం, వీడియో చూసి ఇంటి ముందే నింపేసుకోవడం. ఇంట్లో మరమ్మత్తు చేసుకోవడానికి నేను ఖిలాఫ్ కాదు, పూర్తిగా తరఫ్‌దారునే. కానీ దేనికైనా ఒక హద్ ఉంటుంది. ఏసీ విషయంలో ఆ హద్ గ్యాసే.

హద్‌కి ఇవతల మన చేతిలో పని చాలానే ఉంది. ముందు మర్జ్ ఏమిటో పోల్చుకోవాలి. గాలి చల్లగానే ఉన్నా జోరుగా రావడం లేదంటే గ్యాసు తప్పు కాదు. చాలా కార్లలో గ్లోవ్ బాక్సు వెనక క్యాబిన్ ఫిల్టర్ ఉంటుంది. తీసి చూడండి, దుమ్మూ ఎండుటాకులూ కట్టుకుని ఉంటాయి. మార్చడానికి పది నిమిషాలు, కొన్ని వందల రూపాయలు చాలు. కొన్ని పాత మోడళ్లలో ఈ ఫిల్టరే ఉండదు, అదీ తెలిసి ఉండాలి.

బండి నడుస్తున్నప్పుడు చల్లగా ఉండి, సిగ్నల్ దగ్గర ఆగగానే వేడిగాలి వస్తుంటే రేడియేటర్ ముందున్న కండెన్సర్‌ని, దాని ఫ్యానుని చూడాలి. ఇంజను, ఏసీ ఆన్‌లో ఉండగా ఫ్యాను తిరుగుతోందా లేదా దూరం నుంచి గమనించండి. చెయ్యి మాత్రం పెట్టొద్దు, ఆగినట్టే ఉండి ఉన్నట్టుండి తిరుగుతుంది. తిరగకపోతే ఫ్యూజు, రిలే చూసుకోవచ్చు. తిరుగుతున్నా చల్లదనం లేదంటే కండెన్సర్ మట్టితో మూసుకుపోయి ఉండొచ్చు. ఇంజను ఆపి, చల్లారాక, మామూలు పైపు నీళ్లతో మెల్లగా కడగండి. సర్వీసింగ్ సెంటర్ల ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే ఆ సన్నటి రేకులు వంగిపోతాయి.

చివరగా పైపుల జాయింట్ల దగ్గర చూడండి. నూనె జిడ్డు కనిపిస్తే అది లీకుకి గవాహీ, ఎందుకంటే ఈ గ్యాసుతో పాటే కంప్రెసర్ ఆయిల్ కూడా తిరుగుతుంది. అక్కడ సబ్బు నురగ రాస్తే బుడగలు చెప్పేస్తాయి. ఇది చూసి, ఫోన్లో ఫొటో తీసి, ఉస్తాద్ దగ్గరికి వెళ్లండి. ఇక్కడితో ఇంటి పని ఖతం.

ఎందుకు ఖతం అంటున్నాను? మన రోడ్ల మీదున్న చాలా కార్లలో వాడేది ఆర్-134ఏ. బయటి గాలిలో అది మైనస్ 26 డిగ్రీలకే మరుగుతుంది. చిమ్మి కంట్లో పడితే చూపు పోవచ్చు. డబ్బాని పొరపాటున హై ప్రెషర్ వైపు తగిలిస్తే పేలిపోవచ్చు. లోపలికి వెళ్లిన గాలినీ తేమనీ వ్యాక్యూమ్ పంపుతో లాగేస్తే తప్ప పోవు, డబ్బా ఆ పని చేయలేదు. గ్యాసు తక్కువైనా నష్టమే, ఎక్కువైనా నష్టమే. బోనెట్ కింద స్టిక్కర్ మీద ఎన్ని గ్రాములో రాసి ఉంటుంది, అన్నే తూచి వేయాలి.

ఇంకొక ఖతర్నాక్ చిట్కా నడుస్తోంది. గ్యాసు బాగా తగ్గితే కంప్రెసర్ తిరగకుండా ప్రెషర్ స్విచ్ ఆపేస్తుంది. కొందరు దానికి వైరు కలిపి బలవంతంగా తిప్పుతారు. గ్యాసు లేకపోతే ఆయిల్ కూడా తిరగదు, కంప్రెసర్ పట్టేస్తుంది. కాపలావాడిని కట్టేసి ఇల్లు తెరిచిపెట్టినట్టు! వంటగ్యాసు లాంటివి నింపేవాళ్ల గురించి చెప్పనే అక్కర్లేదు. ఎవాపరేటర్ లీకైతే ఆ మండే గ్యాసు వచ్చేది బీబీ బచ్చాలు కూర్చున్న చోటికే.

పైగా ఇది మన ఒక్కరి ఇంటి విషయం కాదు. పాత ఆర్-12 ఓజోన్ పొరని తింటోందని 1987లో మాంట్రియల్ ఒప్పందం వచ్చింది, దాని జాగాలో ఆర్-134ఏ వచ్చింది. ఇది ఓజోన్‌ని తినదు, కానీ భూమిని వేడెక్కించడంలో అదే బరువు కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 1,400 రెట్లు. అర కిలో గాల్లోకి వదిలితే సుమారు 300 లీటర్ల పెట్రోలు కాల్చినంత. ఇలాంటి గ్యాసులను తగ్గించుకుంటూ పోవాలన్న 2016 నాటి కిగాలీ సవరణని మన దేశం 2021లో ఆమోదించింది. కాగితాల సంగతి అలా ఉంచండి. వుజూ చేసేటప్పుడు కూడా నీళ్లు ఇస్రాఫ్ చేయొద్దని బచ్‌పన్ నుంచి నేర్పే ఖౌమ్ మనది. కళ్లకి కనిపించని గ్యాసుకి ఆ ఉసూల్ వర్తించదా?

ఇప్పుడు అసలు మాట. ఈ హునర్ బతుకుతున్నది ఎవరి చేతుల్లో? విజయవాడ ఆటోనగర్‌లోనైనా, హైదరాబాద్ పుత్లీబౌలీ గల్లీల్లోనైనా స్పానర్ పట్టుకున్న చేతుల్లో మన పిల్లలవి ఎన్నో. బడి మానేసి ఉస్తాద్ దగ్గర చేరి, కంటితో చూసి, చేత్తో నేర్చుకున్న ఇల్మ్ అది. వాళ్లని తిట్టడానికి రాయడం లేదు. కానీ లీకు ఉందని తెలిసీ చెప్పకుండా గ్యాసు నింపి పంపడం ఖియానతే. బజారులో ధాన్యం రాశిలోకి చేయి పెట్టి, లోపల దాచిన తడిని బయటపెట్టి, పైకి కనబడేలా ఎందుకు పెట్టలేదని హుజూర్ (సల్లల్లాహు అలైహి వసల్లం) అడిగిన వాకియా మనందరికీ తెలుసు. దాచిన లీకు కూడా దాచిన తడే.

అయితే సగం గునాహ్ గ్రాహకుడిది కూడా. “అభీ గ్యాస్ డాల్ దో భాయ్, బాద్ మే దేఖేంగే” అనేది మనమే. లీకు వెతకడానికి పట్టే గంటకి పైసలు అడిగితే “ఏం చేశావని?” అని బేరమాడేది మనమే. పని చేసిన చేతికి ఇవ్వం, డబ్బాకి ఇస్తాం. అప్పుడు వాడు డబ్బానే అమ్ముతాడు.

“క్యాబ్ నడుపుకునేవాడికి లీకు బాగుచేయించే తాకత్ ఎక్కడిది?” అనే సవాల్ సబబే. ఎవాపరేటర్ పోతే డ్యాష్‌బోర్డు ఊడదీయాలి, ఖర్చు మామూలుగా ఉండదు. కానీ చాలాసార్లు పోయేది ఒక చిన్న ఓ-రింగు. ఏదన్నది వెతికితేనే తెలుస్తుంది. మూడు ఎండాకాలాల గ్యాసు డబ్బు కలిపి లెక్కేసుకోండి, ఆ తర్వాత మాట్లాడుకుందాం.

కాబట్టి ఉస్తాద్‌ని నాలుగు సవాళ్లు అడగండి. లీకు ఎక్కడ? పాత గ్యాసుని గాల్లోకి వదులుతారా, మెషీన్‌లోకి తీస్తారా? వ్యాక్యూమ్ ఎంతసేపు పెడతారు? ఎన్ని గ్రాములు తూచి వేస్తారు? సరిగ్గా జవాబిచ్చిన వాడికి బేరమాడకుండా ఇవ్వండి, నలుగురికి అతని పేరు చెప్పండి.

ఉస్తాద్‌లకి కూడా ఒక గుజారిష్. ఎలక్ట్రిక్ కార్లు వచ్చేశాయి. వాటి ఏసీ కంప్రెసర్ హై వోల్టేజీ మీద నడుస్తుంది, ఆయిలే వేరు, నారింజ రంగు కేబుల్ మీద చెయ్యి పడితే ప్రాణం పోవచ్చు. చూసి నేర్చుకున్న పని అక్కడ సరిపోదు. షాగిర్దుని ఐటీఐకో, కంపెనీ ట్రైనింగుకో పంపండి. లేకపోతే ఈ హునర్ మన గల్లీల నుంచి షోరూముల్లోకి వెళ్లిపోతుంది, మన పిల్లలు అక్కడ బండ్లు కడుగుతూ మిగులుతారు.

ఈ జుమా నమాజ్ అయ్యాక బోనెట్ ఎత్తండి. కొడుకునే కాదు, కూతుర్నీ పక్కన నిలబెట్టుకోండి. ఫిల్టర్ ఎక్కడుందో, ఫ్యాను ఎక్కడుందో, చెయ్యి ఎక్కడ ఆపాలో ఇద్దరికీ చూపించండి.