సైబరాబాద్ తెర మీద కులమెక్కడ?

2016 ఫిబ్రవరిలో బెర్లిన్ చలనచిత్రోత్సవంలో నాగరాజ్ మంజులే మరాఠీ చిత్రం ‘సైరాట్’ ప్రదర్శితమైంది. అందులో పాటిల్ ఇంటి అమ్మాయి, చేపలు పట్టే కుటుంబపు అబ్బాయి కులానికి వెరచి పారిపోయి వచ్చింది మన హైదరాబాద్‌కే. ఈ నగరం వారికి మురికివాడలో ఒక గదినీ, చేతికింత పనినీ ఇచ్చింది. ప్రాణరక్షణ మాత్రం ఇవ్వలేకపోయింది. అమ్మాయి పుట్టింటివారు కానుకలతో వచ్చి ఇద్దరినీ చంపి వెళ్లారు.

ఆ ప్రదర్శనకు నెల ముందే, జనవరి 17న, గచ్చిబౌలిలోని హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల తన ప్రాణం తీసుకున్నాడు. 2020 సెప్టెంబరులో అదే గచ్చిబౌలి నుంచి, కులాంతర వివాహం చేసుకున్న ఒక యువకుణ్ణి ఎత్తుకుపోయి చంపారు. పోలీసులు అరెస్టు చేసినవారిలో భార్య తరఫు బంధువులున్నారు. ఇవి మారుమూల పల్లెల్లో జరిగినవి కావు. అద్దాల మేడల నీడలో జరిగినవి.

అయినా మన ఉత్సవ చిత్రాల్లో కులం చిరునామా పల్లెటూరే. ‘అంకుర్’ (1974), ‘ఒక ఊరి కథ’ (1977), ‘దాసి’ (1988) దొరతనాన్ని, వెట్టిని నిలదీసిన గొప్ప చిత్రాలు. వాటి విలువను నేను తగ్గించడం లేదు. కానీ వాటిని చూసే నగర ప్రేక్షకుడికి ఒక సౌకర్యం దొరికింది: కులమంటే గడీ, పొలం, గతం. బయటికి రాగానే తాను కులాతీతుడు. ఇల్లు అద్దెకు అడిగినవారి ఇంటిపేరును ఆరా తీసే కొండాపూర్ యజమాని, కులం గడి నింపి సంబంధాలు వెదికే ఇంజనీరు ఆ తెర మీద కనబడరు. శేఖర్ కమ్ముల ‘లవ్ స్టోరీ’ (2021) వ్యాపార చిత్రమైనా, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చిన అమ్మాయినీ, దళిత యువకుణ్ణీ ఈ నగరంలోనే కలిపింది. స్వతంత్ర సినిమా అంతకంటే ముందుకు వెళ్లవలసింది.

థ్రిల్లర్‌కు ఇక్కడ పెద్ద పని ఉంది. మామూలు థ్రిల్లర్‌లో హంతకుడెవరో తెలియదు. కుల హత్యలో అందరికీ తెలుసు. తెలిసీ నోరు విప్పనివ్వని వ్యవస్థే అక్కడి రహస్యం. సంధ్యా సూరి ‘సంతోష్’ దళిత బాలిక హత్యను దర్యాప్తు చేసే కానిస్టేబుల్ కథ. 2024లో కాన్ ఉత్సవంలో చోటు దొరికిన ఆ చిత్రం, సెన్సార్ కోరిన కోతల వల్ల 2025లో మన థియేటర్లకు రాలేకపోయింది. అంతకుముందు 2017లో, రోహిత్ ఉదంతంపై తీసిన ‘ది అన్‌బేరబుల్ బీయింగ్ ఆఫ్ లైట్‌నెస్’ను కేరళ డాక్యుమెంటరీ ఉత్సవంలో చూపడానికి కేంద్రం సెన్సార్ మినహాయింపు ఇవ్వలేదు. ఉత్సవాల గుమ్మం దగ్గరా కాపలా ఉందన్నమాట.

పొరుగువారు మార్గం చూపారు. మలయాళ తొలి కథానాయిక పి.కె. రోజీ దళిత స్త్రీ. నాయర్ యువతి పాత్ర వేసినందుకు ఊరు విడిచి పోవలసి వచ్చింది. ఆమె పేరిట 2023లో పా. రంజిత్ నీలం సాంస్కృతిక కేంద్రం చెన్నైలో చలనచిత్రోత్సవం జరిపింది. మనకు వేదికల కొరత లేదు. 2017లో అంతర్జాతీయ బాలల చలనచిత్రోత్సవం మాదాపూర్ శిల్పకళా వేదికలోనే ప్రారంభమైంది. అక్కడే ఏటా ఒక స్వతంత్ర చలనచిత్రోత్సవాన్ని తెలంగాణ ప్రభుత్వం ఎందుకు జరపకూడదు? చిత్రాలను ఎంచే సంఘంలో దళిత, ఆదివాసీ, బహుజన సృజనకారులు ఉండాలి. విద్యార్థులకూ, ఆ మేడలను ఊడ్చే కార్మికులకూ ప్రవేశం ఉచితం కావాలి.

‘సైరాట్’ జంట ఈ నగరాన్ని నమ్మి వచ్చింది. ఆ నమ్మకం ఎక్కడ వమ్మయిందో చెప్పవలసింది పుణె దర్శకుడు కాదు, ఇక్కడ బతుకుతున్న మనం.