క్లిప్పులు వేయించడం కాదు, తిరగడమే కష్టం

నల్లగొండ: పన్ను మీద పన్ను వచ్చిందనో, పై పళ్లు ముందుకు పొడుచుకొచ్చాయనో పిల్లలను పట్నం తీసుకుపోయి క్లిప్పులు వేయించడం ఇప్పుడు పల్లెలకూ పాకింది. అప్పోసప్పో చేసి తల్లిదండ్రులు మొదటి ఖర్చు భరిస్తున్నారు. చిక్కంతా ఆ తర్వాతే.

పళ్లను జరపడం ఒక్కరోజుతో తేలే పని కాదు. తీగ మెల్లగా ఒత్తుతుంటే పన్నుకు ఒక పక్క ఎముక కరుగుతూ, రెండో పక్క కొత్తది కడుతూ వస్తుంది. ఇందుకు మామూలుగా ఏడాదిన్నర నుంచి రెండేళ్లు పడుతుంది. ఇంచుమించు నెలకోసారి డాక్టరు తీగ సరిచేయాలి. అంటే దాదాపు 20 సార్లు తిరగాలి. మర్రిగూడ, దేవరకొండ వైపు గ్రామాల వారికి వెళ్లిన ప్రతిసారీ ఒక రోజు కూలి పోయినట్టే. నాట్లప్పుడు, పత్తి ఏరేటప్పుడు ఆ ఒక్కరోజు కూడా చిక్కదు. మధ్యలో మానేస్తే తీగల సందున మెతుకులు ఇరుక్కుని, క్లిప్పు చుట్టూ తెల్లమచ్చలు పడి పన్ను పుచ్చుతుంది. వంకర పోకపోగా కొత్త రోగం తగులుకుంటుంది.

2023 డిసెంబరు 9న పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చాక తల్లీకూతుళ్లకు చార్జీల బాధ తప్పింది. పోయిన కూలి మాత్రం ఎవరూ ఇవ్వరు. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాలలో ఖర్చు తక్కువే కానీ, నల్లగొండ నుంచే అది సుమారు 100 కిలోమీటర్లు.

ఈ జిల్లాకు ఫ్లోరైడ్ మరో శాపం. ఫ్లోరైడ్ పట్టిన పన్నుకు క్లిప్పు అతికించే మందు గట్టిగా పట్టదు. క్లిప్పులు ఊడుతుంటే ప్రయాణాలు ఇంకా పెరుగుతాయి. దవడలో పళ్లు తయారయ్యే పసితనంలోనే ఆ మరకలు పడతాయి కాబట్టి, తర్వాత మంచినీళ్లు వచ్చినా పెద్దవారి పళ్లపై అవి పోవు.

అసలు కొన్ని వంకరలు రాకుండానే చూసుకోవచ్చు. పాల పన్ను పుచ్చి ముందే ఊడితే పక్క పళ్లు ఆ ఖాళీలోకి ఒరుగుతాయి, కింద నుంచి వచ్చే పన్నుకు చోటుండదు. ఊడేదే కదా అని వదిలేయడం ఇక్కడే ముప్పు తెస్తోంది. ఆరో ఏట పాల పళ్ల వెనక వచ్చే దవడ పన్ను జీవితాంతం ఉండాల్సినది. దాన్నీ పాల పన్నే అనుకుని పుచ్చనిస్తున్న ఇళ్లు ఎన్నో! పై పన్ను పీకితే కంటిచూపు పోతుందన్న భయం ఒకటి. దానికీ దీనికీ సంబంధం లేదు. వేలు చీకే అలవాటు పళ్లు మారే వయసుకు కూడా మానకపోతే పై పళ్లు ఎత్తు తేలతాయి. ఏడెనిమిదేళ్లప్పుడు ఒకసారి దంత వైద్యునికి చూపిస్తే ఇవన్నీ తెలుస్తాయి.

పెద్దవారికీ క్లిప్పులు వేస్తారు. చిగుళ్లు, ఎముక గట్టిగా ఉంటే నలభై ఏళ్లయినా అడ్డుకాదు, కాస్త ఆలస్యమవుతుందంతే. దవడే వంకరైతే ఆపరేషన్ అవసరం పడవచ్చు. అయితే పెద్దలకు ఈ ఆలోచన వచ్చేది పెళ్లిచూపులు కుదిరాకే. మూడు వారాల్లో పళ్లు వరుసగా కనబడాలంటే మంచి పళ్లను అరగదీసి తొడుగులు వేయించుకోవడం ఒక్కటే దారి. అరిగిన పింగాణి పొర మళ్లీ రాదు, తొడుగులేమో కొన్నేళ్లకు మార్చుకోవాల్సి వస్తుంది. ఈ సంగతి ముందుగా చెప్పేవారు తక్కువ.

2013లో మొదలైన బాల స్వాస్థ్య పథకం కింద బడుల్లో పిల్లల పళ్లు చూస్తున్నారు. చీటీ రాసి పంపినంత మాత్రాన పేదవాడు పట్నం చేరడు. దంత వైద్య కళాశాలల నిపుణులు నెలలో ఒక నిర్ణీత రోజున దేవరకొండ, మిర్యాలగూడ ఏరియా ఆస్పత్రులకు వస్తే తీగ బిగించే పని ఇక్కడే జరిగిపోతుంది. మొదటిసారి క్లిప్పులు వేయడానికి, చివర తీయడానికి మాత్రమే పట్నం వెళితే చాలు.