‘ఆగండి’ అనే హక్కు నర్సుకు ఉండాలి

2020 జనవరిలో సౌదీ నుంచి వచ్చిన ఒక వార్త ఇక్కడ నర్సులుగా పనిచేస్తున్న మన ఆడపిల్లల ఇళ్లలో కంగారు పుట్టించింది. అసీర్ ప్రాంతంలోని ఒక ఆసుపత్రిలో కేరళ నర్సుకు కరోనా సోకిందని, దాదాపు వంద మంది భారతీయ నర్సులకు పరీక్షలు చేశారని టీవీల్లో వచ్చింది. అది వూహాన్ వైరస్ కాదు, మెర్స్ అని జెద్దాలోని భారత కాన్సులేట్ వివరణ ఇచ్చాక అందరూ హమ్మయ్య అనుకున్నారు. నాకు మాత్రం అందులో హమ్మయ్య అనుకోవాల్సిందేమీ కనిపించలేదు. నమోదైన మెర్స్ కేసుల్లో సుమారు 35 శాతం మంది చనిపోయారు. పైగా 2012లోనే జెద్దాలో బయటపడిన వైరస్ అది. ఎనిమిదేళ్లయినా ఒక నర్సుకు పనిచేసే చోటే సోకిందంటే లోపం ఎక్కడున్నట్టు?

మెర్స్ ఒంటెల నుంచి వస్తుందని అందరికీ తెలుసు. అది మంటలా పాకింది మాత్రం ఆసుపత్రుల్లోనే. 2013లో అల్ అహ్సాలో డయాలసిస్ రోగుల మధ్య వ్యాపించింది. 2014లో జెద్దాలో కేసులు పెరిగాక ఏప్రిల్‌లో ఆరోగ్య మంత్రినే మార్చేశారు. 2015లో రియాద్‌లోని కింగ్ అబ్దులాజీజ్ మెడికల్ సిటీలో వంద మందికి పైగా సోకడంతో ఎమర్జెన్సీ విభాగాన్ని మూసేశారు. ఆ దెబ్బలతో ఈ దేశం చాలా నేర్చుకుంది. ఎమర్జెన్సీ గుమ్మం దగ్గరే దగ్గు, జ్వరం ఉన్నవారిని వేరు చేయడం, ఎన్95 మాస్కు ముఖానికి సరిగ్గా అతుకుతోందో లేదో పరీక్షించడం, ఇన్ఫెక్షన్ కంట్రోల్ నైపుణ్యాలకు లైసెన్సు పెట్టడం అలా వచ్చినవే. 2020 మార్చి 2న ఇక్కడ తొలి కోవిడ్ కేసు తేలేనాటికి నర్సులకు ఈ పద్ధతులు కొత్త కాదు.

సౌదీలో ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సుగా నేను గమనించింది ఒకటే. నిబంధనలు తెలియని నర్సు అరుదు. చేతులు శుభ్రం చేసుకోవాల్సిన ఐదు సందర్భాలు నిద్రలో లేపి అడిగినా చెబుతారు. కానీ రోగిని ముట్టుకున్న తర్వాత చేతులు కడిగినంత తప్పకుండా, ముట్టుకునే ముందు కడగరు. తర్వాత కడిగితే మనకు రక్షణ, ముందు కడిగితే రోగికి రక్షణ. ఒక్కరే ఎక్కువ మంచాలు చూసుకోవాల్సిన రాత్రి ముందుగా ఎగిరిపోయేది ఆ రెండోదే. పీపీఈ విషయమూ అంతే. వేసుకునేటప్పుడు అందరూ జాగ్రత్తగానే ఉంటారు. ప్రమాదమంతా విప్పేటప్పుడు. గంటల తరబడి చెమటలో నానిపోయిన మనిషి ఎప్పుడెప్పుడు లాగిపారేద్దామా అని చూస్తుంది. ఆ సమయంలో పక్కన నిలబడి గమనించే మనిషి ఉండాలి. ఉండరు.

ఇంతకన్నా కష్టమైనది ఇంకొకటుంది. పెద్ద డాక్టర్ చేతులు కడక్కుండా మంచం దగ్గరికి వస్తే ‘ఆగండి సార్’ అనేదెవరు? మన కాలేజీల్లో సార్ ముందు తల దించుకోవడం నేర్పారు గానీ సార్‌ను ఆపడం నేర్పలేదు. అరబిక్ అంతంతమాత్రం. ఇకామా యజమాని చేతిలో, కాంట్రాక్టు రెన్యువల్ ఆ పై అధికారి సంతకంలో. ఏదైనా జరిగితే ‘నర్సుల నిర్లక్ష్యం, మళ్లీ ట్రైనింగ్ ఇవ్వండి’ అంటారు. ఇంకో సర్టిఫికెట్ గోడకెక్కుతుంది. నా దృష్టిలో అది శుద్ధ దండగ. తప్పు చూసిన నర్సు పని ఆపించవచ్చని, ఆపినందుకు ఆమెపై చర్య ఉండదని ఆసుపత్రి రాతపూర్వకంగా చెప్పాలి.

కోవిడ్‌తో మరణించిన ఆరోగ్య సిబ్బంది కుటుంబాలకు 5 లక్షల రియాళ్లు ఇస్తామని 2020 అక్టోబరులో సౌదీ ప్రభుత్వం ప్రకటించింది. ప్రభుత్వ, ప్రైవేటు, స్వదేశీ, విదేశీ తేడా చూపలేదు. మెచ్చుకోవాల్సిన నిర్ణయమే. అయినా అది పోయాక వచ్చే డబ్బు. బతికుండగా వాడుకోవాల్సినది కార్మిక చట్టం 117వ ఆర్టికల్. ఏడాదిలో మొదటి 30 రోజుల అనారోగ్య సెలవుకు పూర్తి జీతం, తర్వాతి 60 రోజులకు 75 శాతం ఇవ్వాలని అందులో ఉంది. అది తెలిసీ జ్వరంతోనే డ్యూటీకి వచ్చేవాళ్లను నేను చూస్తూనే ఉన్నాను. ఓంక్యాప్, టామ్‌కామ్ ద్వారా రావాలనుకునే పిల్లలు జీతం ఎంతని అడిగినట్టే సెలవు సంగతీ అడగాలి. ఇంటి దగ్గర నుంచి ఫోన్ చేసేవాళ్లు కూడా ఓవర్‌టైమ్ గురించి అడిగే ముందు ఒంట్లో ఎలా ఉందో అడగాలి.

మనవాళ్ల గురించీ ఒక మాట. తెలిసినవారు ఆసుపత్రిలో చేరితే శుక్రవారం నాడు రెండు కార్లలో, క్యారియర్లతో దిగిపోతాం. 2015లో దక్షిణ కొరియాలో గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన ఒక్క ప్రయాణికుడితో మొదలై 186 మందికి మెర్స్ సోకింది. వాళ్లలో రోగులను చూడవచ్చినవారు, దగ్గరుండి సేవ చేసిన బంధువులు ఎందరో. ఇక్కడ వార్డు గుమ్మంలో నర్సు అడ్డుపడితే మనం అనే మాట, ‘మన తెలుగమ్మాయివే కదా, ఒక్క నిమిషం’. డాక్టర్‌ను ఆపలేని ఆ అమ్మాయి మనల్నీ ఆపలేక పక్కకు తప్పుకుంటుంది.