వీపు మీది పొగ

సస్యరక్షణ శిక్షణలలో పురుగుమందు పేరు, మోతాదు, నాజిల్ రకం, పిచికారీ చేయవలసిన వేళ అన్నీ చర్చకు వస్తాయి. మందును చిమ్మే ఇంజను ప్రస్తావన మాత్రం అరుదు. పల్లెల్లో తైవాన్ స్ప్రేయరుగా పేరుపడిన పవర్ స్ప్రేయరును మోసే మనిషి వీపునకు జానెడు దూరంలో పెట్రోలు, నూనె కలిసి గంటల తరబడి కాలుతూ ఉంటాయి. ఆ పొగను మెకానిక్కు చూసుకొనవలసిన విషయంగా పరిగణించడం పరిపాటి. అది పురుగుమందుల సురక్షిత వినియోగంలో భాగమనీ, అందువలన విస్తరణ విభాగం చేపట్టవలసిన విషయమనీ ఈ వ్యాసకర్త అభిప్రాయం.

స్కూటర్లు, మోపెడ్లు, ఆటోలు ఒకప్పుడు మన వీధులలో వదిలిన నీలిపొగ ఇప్పుడు దాదాపుగా కనిపించదు. ఢిల్లీలో 1998 చివర టూటీ ఆయిలు విడి అమ్మకాన్ని నిషేధించి, బంకులోనే కొలిచి కలిపిన పెట్రోలును తప్పనిసరి చేశారు. తదుపరి ఉద్గార ప్రమాణాలు కఠినం కావడంతో టూస్ట్రోక్ ఇంజను క్రమంగా రోడ్డు విడిచింది. పొలం మాత్రం విడువలేదు. తేలికగా ఉండటం, ఎటు వంచినా పనిచేయడం, తక్కువ భాగాలతో ఎక్కువ శక్తినివ్వడం దాని సుగుణాలు. 20 లీటర్ల మందునీటితో పాటు వీపున మోయవలసిన యంత్రానికి ఇవి చిన్న సుగుణాలు కావు. కనుక ఈ ఇంజనును రేపటికి రేపే మానివేయమని చెప్పడం వలన ప్రయోజనం లేదు.

టూస్ట్రోక్ ఇంజనులో నూనె నిలువకు ప్రత్యేకమైన గది ఉండదు. పెట్రోలులో కలిపిన నూనెయే క్రాంకుకేసు గుండా పోతూ బేరింగులను, పిస్టనును తడిపి, ఆపై పెట్రోలుతో కలిసి సిలిండరులో కాలుతుంది. కాబట్టి కొంత పొగ ఈ ఇంజను స్వభావంలోనే ఉన్నది. అంతేకాక, కాలిన వాయువులను బయటకు నెట్టే పనిని లోపలికి వచ్చే కొత్త మిశ్రమమే చేస్తుంది. ఆ క్రమంలో కొత్త మిశ్రమంలో గణనీయమైన భాగం కాలకుండానే సైలెన్సరు దారి పడుతుంది. మనకు కనిపించే నీలిరంగు సన్నని నూనె తుంపరలది. కాలని పెట్రోలు ఆవిరి, కార్బన్ మోనాక్సైడ్ కంటికి కనిపించవు. చల్లని ఇంజనును చోక్ వేసి నడిపినప్పుడు ఒకటి రెండు నిమిషాలు పొగ రావడం సహజం. ఇంజను వేడెక్కిన తరువాత కూడా దట్టంగా వస్తూనే ఉంటే కారణం వెదకవలసిందే.

ఆ కారణం పలు సందర్భాలలో ఇంజనులో కాక పెట్రోలు డబ్బాలోనే ఉంటుంది. యంత్రాన్ని బట్టి తయారీదారులు సాధారణంగా 25:1 నుంచి 50:1 వరకు నిష్పత్తిని సూచిస్తారు. అనగా లీటరు పెట్రోలుకు 40 నుంచి 20 మిల్లీలీటర్ల నూనె. కొలత లేకుండా చేతి అంచనాతో 100 మిల్లీలీటర్లు పడితే నిష్పత్తి 10:1 అవుతుంది. దీనిని రైతు అజాగ్రత్తగా కొట్టివేయడం సరికాదు. దాని వెనుక ఉన్నది భయం. నూనె చాలకపోతే పిస్టను పట్టేస్తుందని, సీజను మధ్యలో యంత్రం మూలపడితే పైరు పురుగు పాలవుతుందని అతడికి తెలుసు. ఆ భయం నిరాధారమైనది కాదు. అయితే నూనె పెరిగిన కొలదీ రక్షణ పెరుగుతుందన్న భావన మాత్రం నిలువదు. కార్బురేటరు జెట్టు గుండా పోయే ద్రవంలో నూనె వాటా పెరిగితే పెట్రోలు వాటా తగ్గుతుంది. గాలితో పోల్చితే ఇంధనం పలుచబడి ఇంజను మరింత వేడెక్కుతుంది. కాలని నూనె స్పార్కు ప్లగ్గు మీద మసిగా, సైలెన్సరు లోపల గట్టి కార్బనుగా పేరుకుంటుంది. శక్తి తగ్గినదని చోక్ సగం మూసి నడిపితే పొగ ఇంకా చిక్కబడుతుంది. నూనె ఎక్కువ పోసి కాపాడదలచిన ఇంజను ఈ విధంగా త్వరగా పాడవుతుంది.

నూనె రకం కూడా అంతే ముఖ్యం. ఫోర్‌స్ట్రోక్ బండ్లకు వాడే ఆయిలు కాలిపోవడానికి ఉద్దేశించినది కాదు. అందులోని లోహ సంబంధ రసాయనాలు బూడిదగా మిగులుతాయి. టూస్ట్రోక్ కోసం తయారైన నూనెలలో జాసో ఎఫ్‌సీ, ఎఫ్‌డీ శ్రేణులు తక్కువ పొగనిచ్చేవి. డబ్బా మీద ఈ గుర్తును చూపించి గుర్తుపట్టించడానికి శిక్షణలో ఐదు నిమిషాలు చాలును. చెప్పవలసిన మాట "తక్కువ నూనె" కాదు, "కొలిచిన నూనె". ఈ భేదం స్పష్టం చేయకపోతే పొగ తగ్గించబోయి రైతు ఇంజనునే పోగొట్టుకుంటాడు.

ఇక్కడ ఒక చిన్న ప్రక్కమాట. యువరైతులు ఫోనులో వీడియోలు చూసి ఇంజను రోగనిర్ధారణ చేస్తున్నారు. విదేశాలలో పొలం పనులకు, అడవి దారులకు వాడే ఏటీవీ బండ్లలోని టూస్ట్రోక్ ఇంజనులలో క్రాంకు సీలు అరిగితే, ప్రక్కనున్న గేరుబాక్సు నూనె క్రాంకుకేసులోకి పీల్చబడి దట్టమైన పొగ వస్తుంది. ఆ వీడియో చూసి స్ప్రేయరు సీళ్లు మార్పించడం వృథా ఖర్చు. స్ప్రేయరు ఇంజనులో అలా పీల్చుకొనడానికి గేరుబాక్సు నూనె లేదు. ఇక్కడ సీలు అరిగితే గాలి చొరబడి మిశ్రమం పలుచబడుతుంది. పొగ పెరగదు, ఇంజను వేడెక్కి పిస్టను గీసుకుపోతుంది. పొగ తగ్గడం అన్నివేళలా శుభసూచకం కాదని దీనివలన తెలుస్తుంది.

ఇక గాలి సంగతి. "గాలికి ఎదురుగా మందు కొట్టరాదు" అన్న సూత్రం అందరికీ తెలిసినదే. దానిని ఆచరించే రైతు గాలిని వీపున పెట్టుకొని ముందుకు కొట్టుకుంటూ పోతాడు. చేతిపంపులో ఇంజను లేదు గనుక పొగ ప్రసక్తి లేదు. పవర్ స్ప్రేయరుతో అదే పద్ధతిలో నడిస్తే వెనుకనున్న సైలెన్సరు పొగ భుజాల మీదుగా ముఖానికి వస్తుంది. గాలి వేగం, నడక వేగం సమానమైతే ఆ పొగ అతడితో పాటే నడుస్తుంది. పైగా అతడు తడిసిన మొక్కల మధ్యకే అడుగు వేస్తున్నాడు. గాలి ఒక ప్రక్క నుంచి తగిలేటట్లు నడుస్తూ, లాన్సును గాలి పోయే ప్రక్కకు పట్టి, పొలంలో గాలి పోయే అంచున మొదలుపెట్టి గాలి వచ్చే అంచు వైపు సాలు సాలుగా జరగడం సరైన పద్ధతి. అప్పుడు మందూ పొగా రెండూ అతడి నుంచి దూరంగా పోతాయి. గాలికి ఎదురుగా కొట్టరాదన్న ఒక్క నిషేధంతో సరిపెట్టే కరపత్రం సగమే చెప్పినట్లు. సాళ్లు గాలి దిశలోనే ఉన్న పొలాలలో ఏమి చేయాలన్నది ఇంజనీరింగు, సస్యరక్షణ విభాగాలు కలిసి క్షేత్రంలో పరీక్షించవలసిన అంశం.

బయలు పొలంలో కార్బన్ మోనాక్సైడ్ త్వరగా చెదిరిపోతుంది. గుబురుగా ఎదిగిన పత్తి, మిరప చేలలో, గాలి ఆడని తోటలలో అంత త్వరగా చెదరదు. పాలీహౌసులో ఈ ఇంజనును నడపనే కూడదు. నోటికి కట్టుకొనే గుడ్డ సరే, పురుగుమందు ఆవిరిని ఆపే బొగ్గు వడపోత మాస్కు కూడా కార్బన్ మోనాక్సైడ్‌ను ఆపలేదు. తలనొప్పి, తలతిరుగుడు, వికారం ఈ వాయువు లక్షణాలు. అనేక పురుగుమందుల విషప్రభావం కూడా ఇవే లక్షణాలతో మొదలవుతుంది. సాయంత్రం కూలీ "మందు వాసన పట్టింది" అన్నప్పుడు అందులో పొగ వాటా ఎంతో ఆ మాటను బట్టి చెప్పలేము. చికిత్స విషయంలో మాత్రం సందేహానికి తావు ఉండరాదు. ముందుగా పురుగుమందు ప్రభావంగానే భావించి, మందు డబ్బాతో సహా ఆసుపత్రికి తీసుకుపోవాలి. పొగ సంగతి వైద్యునికి అదనంగా చెప్పవలసిన సమాచారం.

ఈ భారం అందరి మీదా సమానంగా పడదు. ట్యాంకు లెక్కన కూలికి మందు కొట్టే మనిషి ఒకే రోజు పలువురి చేలలో పనిచేస్తాడు. యంత్రం అద్దెదైతే, పెట్రోలు కలిపేది ఇంకొకరైతే, పొగ పీల్చే అతడికి దానిని తగ్గించే అధికారం ఉండదు. అందుచేత రైతు సమావేశాలలో చెప్పినంత మాత్రాన చాలదు. యంత్రాలను అద్దెకిచ్చే కేంద్రాలకు, టూటీ ఆయిలు అమ్మే దుకాణాలకు కూడా ఈ మాట చేరాలి. లీటరుకు సరిపడే కొలతగల పొట్లాలు ఊరి దుకాణంలో దొరికితే, ఢిల్లీలో బంకు చేసిన పనిని ఇక్కడ ఆ పొట్లమే చేస్తుంది. తక్కువ పీడనం చాలిన పైర్లలో బ్యాటరీ స్ప్రేయరును, ఖర్చు భరించగలిగినచోట చిన్న ఫోర్‌స్ట్రోక్ ఇంజను స్ప్రేయరును సిఫారసు చేయవచ్చు. డ్రోన్ల ప్రదర్శనలకు కేటాయిస్తున్న సమయంలో ఒక గంట కృషి విజ్ఞాన కేంద్రాలు, ఏరువాక కేంద్రాలు దీనికి ఇవ్వగలవు.

గ్రామీణ వ్యవసాయ పని అనుభవం కోసం పల్లెలలో ఉండే విద్యార్థులు మందు పేరు, మోతాదు అడుగుతూనే ఉంటారు. వారి ప్రశ్నావళిలో మరికొన్ని గడులు చేర్చవచ్చు: లీటరు పెట్రోలుకు కలిపిన నూనె ఎంత, దేనితో కొలిచారు, సైలెన్సరును చివరిసారి ఎప్పుడు శుభ్రం చేశారు, పనివేళ గాలి ఏ వైపు నుంచి తగిలింది, సాయంత్రం తలనొప్పి ఉన్నదా. నూనెను మాత్రం మాట మీద నమ్మి రాయరాదు. కొలపాత్రలో పోయించి చూసి రాయాలి.