శాకుంతలమునకు మరియొక శాపము

2023 ఏప్రిల్ 14వ తేదీన విడుదలైన 'శాకుంతలం' చిత్రమును ఆంధ్రప్రజ ఆదరింపలేదు. సమంత వంటి ప్రఖ్యాత నటి నాయిక. అనుభవజ్ఞుడగు గుణశేఖరు దర్శకుడు. త్రిమితీయ చిత్రణము, యంత్రనిర్మితములైన వనములు, భవనములు, పలుభాషలలో ప్రదర్శనము. ఇన్ని సమకూడియు లోపించినవాడు కాళిదాసు.

మహాభారతకథలో దుర్వాసుని శాపము లేదు; ఉంగరమును లేదు. అచట దుష్యంతుడు శకుంతలను గుర్తించియు, లోకాపవాదమునకు జంకి, ఎరుగనని బొంకును. ఆ బొంకును మరపుగా మార్చి, రాజును పశ్చాత్తాపమున పుటము వేసి, కవి యేడంకముల నాటకమును నిర్మించెను. దుర్వాసుడు రంగమున కనబడనైన కనబడడు. శాపము తెరవెనుకనుండి వినబడును. అసురయుద్ధమును సయితము కవి అంకముల నడుమ విడిచెను. ఆతడు మరుగుపరచినదానిని ఈ చిత్రము ఆడంబరముగా చూపెను. ఆతడు చూపిన హృదయమును మరుగుపరచెను. నాలుగవ యంకమున ఆశ్రమమును వీడు శకుంతల కొంగును లేడిపిల్ల పట్టి లాగును. విరాగియగు కణ్వుని కంఠము గద్గదమగును. కూతు నత్తవారింటి కంపిన ప్రతి గృహస్థుడును ఆ దుఃఖము నెరుగును. దానికి యంత్రమాయ లేల?

తారల ప్రభ క్షీణించినదని కొందరు వగచుచున్నారు. దోషమంతయు తారలదే యనుట న్యాయము కాదు. 2023 జూన్ 16న ప్రభాసు నాయకుడుగా 'ఆదిపురుష్' వచ్చెను. తొలిదినముల జనసమ్మర్దమును తార తెచ్చెను. కాని హిందీ సంభాషణలలోని మోటుదనమునకు రేగిన నిరసనను తార ఆపలేకపోయెను. నిర్మాతలు ఆ మాటలనే మార్చుకొనవలసివచ్చెను. తార ప్రేక్షకుని ద్వారమువరకు తోడ్కొని రాగలదు. లోపల కూర్చుండబెట్టునది కథయే.

ఈ సత్యము గుణశేఖరునకు తెలియనిది కాదు. 1997లో ఆయన బాలబాలికలతోనే 'రామాయణము'ను తీసెను. పేరుమోసిన తార యొక్కరును లేరు. జాతీయోత్తమ బాలల చిత్రముగా దానికి పురస్కారము లభించెను. నాడు రాముడైన బాలుడు, నేటి జూనియర్ ఎన్.టి.ఆర్., పిమ్మట తార యయ్యెను. అచట కథ ముందు నడచెను. కీర్తి దాని వెంట వచ్చెను.

కావున నిర్మాతలు ప్రాచీనకావ్యములను చేపట్టునపుడు, పండితుని పేరు తెరపై వేయుటకు గాక పని చేయుటకు పిలువవలెను. గృహస్థుల కర్తవ్యమును కలదు. పిల్లలను చిత్రశాలకు కొనిపోవుటకు ముందు వీరేశలింగము పంతులుగారి తెనుగు శాకుంతలమును వారిచేత చదివింపుడు. దుష్యంతుని యుంగరము చేప కడుపున దొరకెను. మన యుంగరము మన యింటి పుస్తకముల బీరువాలోనే యున్నది.